మా ఆవిడ రెండో యుకులేలే

మా మిల్లులో ధాన్యం లారీ కాటా మీదికి ఎక్కితే, బరువు తేల్చి చీటీ చేతికివ్వడానికి నాకు ఒక్క నిమిషం చాలు. ఇరవై ఆరేళ్లుగా అదే పని. అలాంటి నాకు దొరికిన భార్య, నాలుగు తీగలున్న మూరెడు వాయిద్యం ఒకటి కొనడానికి నాలుగు నెలలు తీసుకుంది. ఆ నాలుగు నెలలూ నేనెలా వేగానో చెప్పుకుందామంటే మా చర్చి సంఘంలో వినే నాథుడు లేడు. అందరూ ఆవిడ పక్షమే.

ఆవిడ పేరు ఆశాజ్యోతి. ఆత్రేయపురం దగ్గర మా ఊరి బడిలో ఒకటో తరగతి టీచరు. ఆదివారం చర్చిలో సండే స్కూలు పిల్లలకి పాటలు నేర్పేదీ ఆవిడే. పెళ్లయిన కొత్తలో ఆవిడ చర్చిలో పాట ఎత్తుకుంటే, కాలవ అవతల రేవులో బట్టలు ఉతుక్కునేవాళ్లు చెయ్యి ఆపి వినేవారు. ఇరవై రెండేళ్లు నలభైమంది పిల్లల అల్లరి మీద అరిచి అరిచి, ఆ గొంతు మూడేళ్ల కిందట పోయింది. పార పట్టిన చేతికి కాయలు కాసినట్టు గొంతులోపల కాయలు కాశాయని రాజమండ్రి డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ చేసినా పాత గొంతు వస్తుందన్న నమ్మకం లేదట. పాడటం మానెయ్యండి, గట్టిగా మాట్లాడటం కూడా మానెయ్యండి అన్నాడు.

ఇంటికొచ్చాక వారం రోజులు ఆవిడ నోరు విప్పలేదు. మొదటి రోజు ఇల్లు ప్రశాంతంగా ఉందనుకున్నాను. రెండో రోజు నుంచి భయం వేసింది. కుక్కరు కూత తప్ప ఇంకే శబ్దమూ లేని ఇల్లు అంత భయంగా ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. ఎనిమిదో రోజున పార్సిలు వచ్చింది. పధ్నాలుగు వందల రూపాయల నీలంరంగు యుకులేలే. చూడటానికి గిటారు కన్న పిల్లలా ఉంది. ఫోనులో వీడియోలు చూసి నెల తిరిగేసరికి వాయించడం నేర్చేసుకుంది. పాట ఎత్తుకోవడం దాని పని, పాడటం పిల్లల పని, ఎదురుగా నిలబడి పెదవులు కదపడం ఆవిడ పని. బడిలోనూ చర్చిలోనూ మూడేళ్లు అలాగే గడిచాయి. నేను ఆ నీలం ముక్కకి లోలోపల దణ్ణం పెట్టుకునేవాణ్ణి. పైకి మాత్రం, ఏంటా టింగుటింగులు అని విసుక్కునేవాణ్ణి.

చిక్కల్లా దాని మరలతోనే. తీగ బిగించడానికి తలకాయ మీద నాలుగు మరలుంటాయి. అవి నిలవవు. రెండో చరణం వచ్చేసరికి మూడో తీగ జారుతుంది. చరణానికీ చరణానికీ మధ్య ఆవిడ చటుక్కున మర తిప్పి సర్దుకునేది. మొన్న ఆగస్టులో ఒక ఆదివారం ఆ సర్దుబాటు కుదరలేదు. పిల్లలు పాపం తీగను నమ్ముకుని, తీగతోపాటే కిందికి దిగిపోయి, పాట చివరికొచ్చేసరికి నూతిలోంచి పాడుతున్నట్టు పాడారు. జనం నవ్వారు.

ఆ రోజు ప్రార్థన అయ్యాక బుజ్జిబాబు మా దగ్గరికొచ్చాడు. మా చర్చిలో కీబోర్డు వాయించేది అతనే. మంచివాడే. అయితే ఆ కీబోర్డు ముందు కూర్చున్నాడంటే అందులో ఉన్న డప్పులూ బాకాలూ అన్నీ ఒకేసారి మోగాలి అతనికి.

"టీచరుగారూ, కోత పండక్కి పిల్లల పాట నేను కీబోర్డు మీద లాగించేస్తానండి. మీరు ఆ బొమ్మ పట్టుకుని ఇబ్బంది పడకండి" అన్నాడు.

ఆవిడ నవ్వింది. ఇంటికొచ్చే దారిలో, స్కూటరు మీద నా చెవి దగ్గరికి వంగి, అరిగిపోయిన గొంతుతో, "అతను వాయిస్తే పిల్లల గొంతులు వినపడవండి. నాకు పాడటం పోయింది. పిల్లల చేత పాడించడం కూడా పోతే ఇంక నేనెందుకు వెళ్లాలి చర్చికి" అంది. మలుపు తిరిగాక, "పండగలోపు మంచిది కొంటాను" అంది.

"రేపే కొను" అన్నాను నేను. నాకేం తెలుసు.

మర్నాటి నుంచి మొదలైంది. యుకులేలేల్లో చిన్నది సొప్రానో, దానికంటే పెద్దది కాన్సర్ట్, ఇంకా పెద్దది టెనర్ అట. అన్నం వడ్డిస్తూ అదే మాట. ప్లైవుడ్‌తో చేసినది వేరు, అసలు చెక్కతో చేసినది వేరు. అసలు చెక్క మోత బాగుంటుంది కానీ మన గోదావరి తేమకి ఉబ్బుతుందేమో. మరలు పళ్లచక్రాలవైతే తీగ జారదు. టెనర్ నాదం నిండుగా ఉంటుంది కానీ నా వేళ్లు అందవేమో. ఏమో, ఏమో, ఏమో. ఐదువేల లోపు తేల్చాలని తనకి తనే గిరి గీసుకుంది. నేను గీయలేదు. పదివేలైనా ఇచ్చి నా చెవులు కాపాడుకునేవాణ్ణి.

"జ్యోతీ, ఫోనులో ఏదో ఒకటి నొక్కెయ్, రేపు వచ్చేస్తుంది" అంటే, "ప్రార్థనలో పెట్టానండి" అనేది.

మా వాళ్లలో ఈ మాటకి తిరుగు లేదు. ప్రార్థనలో పెట్టిన విషయాన్ని తొందరపెట్టడం మర్యాద కాదు. పోనీ ఇంట్లో చేసుకునే ప్రార్థనైతే సరే. ఆవిడ తీసుకెళ్లి పాస్టరు అయ్యగారికి చీటీ ఇచ్చింది. ఆ ఆదివారం ఆయన, జ్వరంతో ఉన్నవాళ్ల పేర్లూ, పరీక్షలు రాసే పిల్లల పేర్లూ చదివి, "మన సహోదరి ఆశాజ్యోతిగారు సరైన వాయిద్యం ఎంచుకొనేలాగున" అని కూడా చదివేశారు. రెండొందల మంది ఆమేన్ అన్నారు. ఇంక చూడండి. పాలు పోసే ఆయన దగ్గర్నుంచి ప్రతివాళ్లకీ ఒక అభిప్రాయం వచ్చేసింది. కీబోర్డు కొనండి అన్నవాళ్లు కొందరు. ఆ డబ్బుతో డోలక్ వస్తుందన్నవాళ్లు కొందరు. ఒకావిడైతే, ఇంకో నాలుగేళ్లు వాడితే అదే పెద్దదవుతుందేమో చూడమంది. ఆవిడ నిజంగానే అందో, వేళాకోళానికి అందో ఇప్పటికీ నాకు తెలియదు.

సెప్టెంబరులో రాజమండ్రి వెళ్లాం. కొట్టాయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "మనవరాలికా అండి?" అన్నాడు. నాకు యాభై రెండు, ఆవిడకి నలభై ఏడు. గులాబీరంగుది ఒకటి తీసి చూపించాడు. కాన్సర్ట్ కావాలని ఆవిడ మెల్లగా చెబితే, అతనికి వినపడక నన్ను చూశాడు. నేను చెప్పాను. అతను గిటారు తెచ్చి బల్ల మీద పెట్టి, "ఇది తీసుకోండి, ఇంకో రెండు తీగలు ఎక్కువొస్తాయి" అన్నాడు. కూరగాయల బండి దగ్గర కొసరు వేసినట్టు చెప్పాడు ఆ మాట.

అక్టోబరులో జంగారెడ్డిగూడెం. అక్కడ పామాయిల్ తోటల మధ్య నర్సరీలో మా బావమరిది ఫిన్నీ పనిచేస్తాడు. ఎవరో టెనర్ అమ్ముతున్నారు, సగం ధరకే వస్తుందని ఫోను చేశాడు. బస్సులు మారి, ఒళ్లు హూనం చేసుకుని, అమ్మే ఆయనకి మర్యాదగా ఉంటుందని రెండు డబ్బాలు పూతరేకులు కూడా పట్టుకుని వెళ్లాం. వాయిద్యం చూడ్డానికి లక్షణంగా ఉంది. మా ఆవిడ దాన్ని కంటి దగ్గర పెట్టుకుని, తుపాకీ గురిచూసినట్టు పొడుగునా చూసి, మెడ వంగిందంది. ఎండాకాలమంతా కార్లో వదిలేశారట. ఆ సంగతి మొహం మీద చెప్పకుండా, "ప్రార్థన చేసుకుని చెబుతామండి" అంది. పూతరేకులు మాత్రం ఇచ్చేసి వచ్చాం.

నవంబరు వచ్చింది. సార్వా వరి కోతలు మొదలై మిల్లులో నాకు ఊపిరాడటం లేదు. చివరి ఆదివారం కోత పండగ. పది రోజుల ముందు బుజ్జిబాబు మళ్లీ వచ్చి, పిల్లలతో కీబోర్డు మీద రెండుసార్లు సాధన చేయిస్తే చాలన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపి, ఆ రాత్రే ఫోను తీసి కొనేసింది. కాన్సర్ట్ సైజు, ప్లైవుడ్డే కానీ మంచి రకం, పళ్లచక్రాల మరలు, తను గీసుకున్న గిరి దాటి ఐదువేల రెండొందలు. మొట్టమొదటి రోజు ఆవిడ చూపించింది కూడా అదే. నేను పళ్లు కొరుక్కున్నాను.

శుక్రవారం సాయంత్రం పార్సిలు వచ్చింది. తేనెరంగులో, నున్నగా, చేతిలో పట్టుకుంటే వదలబుద్ధి కానట్టుంది. శనివారమంతా దాంతోనే గడిపింది. మధ్యమధ్యలో నీలందాన్ని కూడా తీసి శ్రుతి చేసి పక్కన పెట్టుకుంది. రెండూ ఎందుకని అడగాలని నాకు తోచలేదు. అడిగి ఉంటే ఈ కథే లేదు.

కోత పండగ సంగతి చెప్పాలి. ఆ రోజు ప్రతి ఇంటివాళ్లూ తమకి పండినదో, తమ ఇంట్లో ఉన్నదో ఒకటి తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ధాన్యం బస్తాలు, అరటిగెలలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. అయ్యగారు వాటి మీద ప్రార్థన చేస్తారు. ఆరాధన అయిపోయాక అన్నిటినీ చర్చి ఆవరణలో వేలం వేస్తారు. ఒకసారి అక్కడ పెట్టినది దేవుడి సొత్తు. ఇచ్చినవాడికే కావాలన్నా సరే, వేలంలో పాడుకుని తీసుకోవాల్సిందే.

ఏటా మేము రెండు కొబ్బరిగెలలు ఇస్తాం. ఈ ఏడాది దింపు తీసే మనిషి కోతల్లో పడి రానేలేదు. ఆదివారం పొద్దున్నే సంఘ పెద్దలు కబురు పెట్టారు, ఇవ్వాల్సినవి ఎనిమిదింటికల్లా తెచ్చెయ్యమని. ఆవిడ పిల్లల్ని సిద్ధం చెయ్యడానికి అప్పటికే కొత్తది భుజాన వేసుకుని చర్చికి వెళ్లిపోయింది. ఇంట్లో ఒక్క గుమ్మడికాయ ఉంది. ఒక్క గుమ్మడికాయతో వెళ్లాలంటే చిన్నతనంగా అనిపించింది. చుట్టూ చూశాను. మంచం మీద నీలం యుకులేలే.

కొత్తది వచ్చింది కదా, దీనికి పని తీరింది కదా అనుకున్నాను. ఏ పిల్లాడి చేతికో పోతుంది, దేవుడికీ నాలుగు రూపాయలు వస్తాయి. అయితే దేవుడికి లోపమున్నది ఇవ్వకూడదని అయ్యగారు ఏటా చెబుతారు. అందుకని దాన్ని వెలుతురులో పట్టుకుని చూశాను. ఒక్కో మర చివర ఒక్కో బుల్లి స్క్రూ ఉంది. స్క్రూడ్రైవర్ తెచ్చి నాలుగూ బిగించాను. తర్వాత మరని వేలితో కదిపి చూస్తే కదలకుండా బిగుసుకుని ఉంది. తీగల శ్రుతి చెడలేదు కదా అని ఒకసారి మీటాను, బాగానే ఉన్నట్టనిపించింది. మొత్తం కలిపి ఒక నిమిషం పట్టింది. నేను చేసిన పని ఏమిటో అప్పుడు నా బుర్రకి ఎక్కలేదు. గుమ్మడికాయ ఒక చంకలో, యుకులేలే ఒక చంకలో పెట్టుకుని వెళ్లి బలిపీఠం ముందు పెట్టేశాను.

పిల్లల పాట వచ్చేసరికి పదిన్నర అయింది. ఇరవైమంది పిల్లలు వరసగా నిలబడ్డారు. ఆవిడ వాళ్లకి ఎదురుగా కొత్త యుకులేలే పట్టుకుని మీటింది. శ్రుతి తప్పిందని నాకే తెలిసిపోయింది. ఫోను తీసి, అందులో శ్రుతి చూసుకుని, నాలుగు తీగలూ సరిచేసింది. పల్లవి ఎత్తుకున్నారు. సగం కాకుండానే నాలుగు తీగలూ నాలుగు దారులు పట్టాయి. కొత్త నైలాన్ తీగలు సాగుతూనే ఉంటాయట. రెండు వారాలు రోజూ వాయించి సాగదీస్తే కానీ కుదురుకోవట. ఆ సంగతి ఆవిడకి తెలుసు. అందుకే శనివారం పాతదాన్ని కూడా శ్రుతి చేసి ఉంచుకుంది. కొత్తది మొరాయిస్తే పాతది ఇంటి దగ్గర్నుంచి తెప్పించుకోవచ్చని ధీమా.

ఆవిడ నావైపు చూసి, వేళ్లతో సైగ చేసింది. పాతది తెమ్మని. నేను బలిపీఠం వైపు చూశాను. ఆవిడా చూసింది. గుమ్మడికాయకీ కోడిపుంజుకీ మధ్య నీలంగా మెరుస్తోంది. ఆ చూపు మళ్లీ నా మీదికి తిరిగినప్పుడు, నేను బతికుండగా ఇంకెవరూ నన్ను అలా చూడకూడదనుకున్నాను. బుజ్జిబాబు చెయ్యి అప్పటికే కీబోర్డు మీదికి పోయింది. పిల్లలు బిక్కమొహాలు వేశారు.

ఆవిడ కొత్తదాన్ని ముందు బెంచీ మీద పెట్టి, తిన్నగా బలిపీఠం దగ్గరికి నడిచి, వంగి నీలందాన్ని తీసుకుంది. చర్చిలో గుసగుస. అయ్యగారు ఇబ్బందిగా ముందుకొచ్చి, "అది దేవుడికి ఇచ్చేశారు కదమ్మా" అన్నారు.

"ఆయన దగ్గరే నిలబడి వాయిస్తానండి. బయటికి తీసుకెళ్లను" అంది. మైకు పక్కనే ఉండటంతో ఆ బొంగురు మాట అందరికీ వినపడింది. అయ్యగారు పక్కకి తప్పుకున్నారు.

అక్కడే నిలబడి వాయించింది. పిల్లలు ఆవిడ వైపు తిరిగారు. ఆ పాట మీకు వినిపించలేను కానీ, ఇరవై గొంతుల్లో ఏ ఒక్కటీ తప్పిపోలేదని చెప్పగలను. మొదటి చరణం అయ్యాక అలవాటు చొప్పున ఆవిడ చెయ్యి మూడో మర దగ్గరికి వెళ్లింది. తిప్పాల్సిన అవసరం లేకపోయింది. ఆవిడ ఆ మర వంక చూసింది. మెరుస్తున్న స్క్రూ వంక చూసింది. ఇంక తల ఎత్తలేదు. రెండో చరణం, మూడో చరణం, ఎక్కడా తీగ జారలేదు. నాలుగు నెలలు, రాజమండ్రి, జంగారెడ్డిగూడెం, ఐదువేల రెండొందలు, రెండు డబ్బాల పూతరేకులు. అన్నీ నా కళ్లముందు తిరిగాయి. బిగించాల్సింది నాలుగు స్క్రూలు. ఆ పని మూడేళ్ల కిందటే చెయ్యగలిగినవాణ్ణి, టింగుటింగులని విసుక్కుంటూ ఒక్కనాడూ దాన్ని చేతిలోకి తీసుకుని చూడలేదు. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలిసింది. బాగా తెచ్చుకున్నాను.

వేలం వేసేది అబ్రహాముగారు, రిటైరైన పోస్టుమాస్టరు. నీలం యుకులేలే పైకెత్తేసరికి ఆవరణంతా కదిలింది. అందరూ విన్న పాట కదా. నేను ఐదొందలకి మొదలుపెట్టాను. పండక్కి వచ్చిన ఫిన్నీ వెంటనే వెయ్యి అన్నాడు. బావ పాడిన దాని మీద బావమరిది పాడాలి, అది మా దగ్గర సరదా. "కొంచెం గట్టిగా బావగారూ" అంటూ మూడువేల దాకా నన్ను లాక్కొచ్చి, నవ్వుకుంటూ తప్పుకున్నాడు. అయిపోయిందనుకున్నాను. వెనకనుంచి నాలుగువేలు అని వినపడింది. బుజ్జిబాబు.

వేళాకోళం కాదు. మొహం సీరియస్‌గా ఉంది. "నేను నేర్చుకుంటానండి. పిల్లల పాట అలా ఎప్పుడూ వినలేదు" అన్నాడు పక్కవాళ్లతో. నేను నాలుగున్నర అన్నాను. అతను ఐదు అన్నాడు.

అక్కడ నాకు మొండితనం వచ్చింది. పధ్నాలుగు వందల వస్తువుకి ఐదువేలా? ఇంట్లో కొత్తది ఉంది. రెండు వారాల్లో దాని తీగలు కుదురుకుంటాయి. పోతే పోనీ అని నోరు మూసుకున్నాను.

"ఐదువేలు, ఒకటోసారి" అన్నారు అబ్రహాముగారు. జనం గోలగోలగా ఉన్నారు. పక్కన కోళ్లు అరుస్తున్నాయి. "రెండోసారి."

ఆడవాళ్ల వైపు చూశాను. ఆశాజ్యోతి చెయ్యి ఎత్తి ఉంది. ముందున్నవాళ్లు నిలబడటంతో ఆ చెయ్యి అబ్రహాముగారికి కనపడటం లేదు. నోరు కదులుతోంది. మెడ నరాలు తేలాయి. డాక్టరు వద్దన్నంత గట్టిగా అరుస్తోంది. శబ్దం రావడం లేదు. కాలవ అవతలి రేవుకి వినపడిన గొంతు, పది గజాల దూరంలో ఉన్న నాకు వినపడటం లేదు. ఆరువేలు, ఆరువేలు, ఆరువేలు అని పెదవులు అంటున్నాయి.

"ఆరువేలు" అని అరిచాను. కాటా దగ్గర లారీ డ్రైవర్ల మీద అరిచి అరిచి గట్టిపడిన గొంతు నాది. కోళ్లు కూడా ఊరుకున్నాయి. "ఆరువేలు. పాడింది నేను కాదండి, మా ఆవిడ. రాసుకోండి."

బుజ్జిబాబు అటు తిరిగి చూశాడు. ఇంకా ఎత్తే ఉన్న ఆవిడ చెయ్యి అతనికి కనపడింది. ఇంక పాడలేదు. అబ్రహాముగారు మూడోసారి అన్నారు.

స్కూటరు మీద వస్తున్నప్పుడు కొత్తది ఆవిడ వీపున, పాతది ఒళ్లో. తిడుతుందని చూశాను. కాలవ వంతెన దాటాక నా చెవి దగ్గరికి వంగి, "స్క్రూలు మీరే బిగించారా?" అంది. అవునన్నాను. "ఎంతసేపు పట్టింది?" అంది. నేను స్కూటరు వేగం పెంచాను. నా వీపు మీద ఒక్కటి గట్టిగా చరిచి, ఆ చెయ్యి అక్కడే ఉంచింది.

ఇప్పుడు కొత్తది కుదురుకుంది. అది చర్చికి, పాతది బడికి. పిల్లల పాటప్పుడు బుజ్జిబాబు కీబోర్డు ఆపేసి ముందు బెంచీలో కూర్చుంటున్నాడు. హమ్మయ్య, ఇంట్లో ఇంక ఆ గొడవ ఉండదనుకున్నాను. మొన్న ఆదివారం అయ్యగారు జ్వరాల వాళ్ల పేర్లు చదివి, కళ్లజోడు సవరించుకుని, "సహోదరి ఆశాజ్యోతిగారు పాత వాయిద్యానికి తగిన తీగలు ఎంచుకొనేలాగున" అన్నారు.

ఆవిడ నావైపు చూడకుండా తల వంచుకుంది. పెదవులు కదిలాయి. ఆ ఆమేన్ కూడా ఆవిడ బదులు నేనే అన్నాను, చర్చి అంతటికీ వినపడేటట్టు.